ఫోను హాట్‌స్పాట్ ఉంటే ఇంటికి నెట్ లైను అక్కరలేదా?

ఈ మధ్య మా సంఘానికి చందా కట్టడానికి వచ్చేవాళ్ళు రసీదు చేతికి తీసుకుంటూనే ఒక ప్రశ్న వేస్తున్నారు. "ఫోనులో రోజూ డేటా వస్తూనే ఉంది కదండీ, నెలనెలా ఇంటి నెట్ లైనుకు కూడా దండగ ఎందుకు? తీయించేద్దామా?" వేలూరు సభ్యులూ అడుగుతున్నారు, గుడియాత్తం సభ్యులూ అడుగుతున్నారు. కొందరు ఎవరినీ అడగకుండానే తీయించేశారు. వారిలో మూడు నెలలు తిరక్కుండా మళ్ళీ పెట్టించుకున్నవారు ఉన్నారు, ఏ ఇబ్బందీ లేకుండా హాయిగా ఉన్నవారూ ఉన్నారు. అంటే జవాబు ఇంటిని బట్టి మారుతోందన్నమాట. ఆ తేడా ఎక్కడుందో లెక్కలతో చెబుదామని ఇది రాస్తున్నాం.

హాట్‌స్పాట్ అంటే పెద్ద మాయ ఏమీ లేదు. మన ఫోను టవరు నుంచి గాలిలో నెట్ అందుకుని, దాన్ని పక్కనున్న టీవీకో లాప్‌టాప్‌కో పంచిపెడుతుంది. పంచడానికి మూడు దారులు. వైఫై ద్వారా పంచడం అందరికీ తెలిసిందే. ఛార్జరు తీగతో ఫోనును నేరుగా లాప్‌టాప్‌కు కలిపి పంచడం రెండోది. ఇది చాలామందికి తెలియదు కానీ ఇదే నిలకడగా ఉంటుంది, పైగా ఫోను ఛార్జి కూడా అవుతుంది. మూడోది బ్లూటూత్. నిదానం, కాబట్టి దాన్ని వదిలేద్దాం.

ఇంటి లైను సంగతి వేరు. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండు మొదలైనప్పుడు మన ఇళ్ళకు వచ్చింది ల్యాండ్‌లైను రాగి తీగ మీదే. అప్పట్లో ప్రభుత్వ లెక్క ప్రకారం 256 కేబీపీఎస్ వేగం ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండు అనేవారు. 2013లో దాన్ని 512 చేశారు. 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ చేశారు. ఇప్పుడు రాగి తీగ పోయి వెంట్రుకంత సన్నటి గాజు తీగ వచ్చింది. అందులో నడిచేది కరెంటు కాదు, వెలుగు. ఆ వెలుగును నెట్‌గా మార్చే పెట్టె మన గోడకు ఉంటుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, కరెంటు పోయినప్పటి సంగతి చెప్పేటప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

ఇక డబ్బు లెక్క. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చిన తరువాతే ఫోను డేటా చవకై, "ఇంటికి లైను ఎందుకు" అన్న ఆలోచన పుట్టింది. అంతకు ముందు నెలంతటికీ ఒక జీబీ వేయించుకుని పొదుపుగా వాడుకున్న రోజులు మనకు గుర్తే. కానీ ఆ చవక అలాగే నిలిచిపోలేదు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ ధరలు పెంచాయి. ఆ పెంపు తరువాత జియోలో రోజుకు 1.5 జీబీ వచ్చే 28 రోజుల ప్లాను 299 రూపాయలైంది. 28 రోజులన్నది నెల కాదు. ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు రీఛార్జి చేయాలి. 299ని 13తో గుణిస్తే 3,887 రూపాయలు. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే 15,548.

ఇంటి లైను చూద్దాం. జియో ఫైబరులో ఒక చిన్న ప్లాను 30 ఎంబీపీఎస్, 399 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 471. ఏడాదికి 5,650. నెలకు 3,300 జీబీ దాకా వాడుకోవచ్చు, అంటే రోజుకు 110 జీబీ. మామూలు ఇల్లు అంత వాడనే వాడదు. ప్రకటనల్లో జీఎస్టీ కలపకుండా ధర వేస్తారు, బిల్లు వచ్చాక "ఇదేమిటి 399 అన్నారు కదా" అని గొడవ పడేవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి మీరు కట్టేముందు ఒకసారి సరిచూసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇక్కడ చాలామంది "లైను పెట్టిస్తే ఫోను రీఛార్జిలకు తోడు ఏడాదికి ఇంకో 5,650 ఖర్చు" అనుకుంటారు. అలా కానక్కరలేదు. ట్రాయ్ ఆదేశం మీద 2025 జనవరిలో డేటా లేని ప్లాన్లు వచ్చాయి, మాటలూ ఎస్ఎంఎస్‌లూ మాత్రమే. ఎయిర్‌టెల్ అప్పుడు 365 రోజులకు 1,849 రూపాయలని పెట్టింది. ఇంట్లో అవ్వా తాతా ఉన్నారనుకోండి. వాళ్ళ వాట్సాప్, వీడియో కాల్, యూట్యూబులో ప్రవచనం, అన్నీ ఇంట్లో కూర్చుని చూసేవే. ఇంటికి వైఫై ఉంటే వాళ్ళ ఫోన్లలో డేటా ఎందుకు? ఆ ఇద్దరికీ మాటల ప్లాను వేస్తే 3,698. మిగతా ఇద్దరికీ 299 ప్లాను ఉంచితే 7,774. లైనుకు 5,650. మొత్తం 17,122. నాలుగు ఫోన్లకూ డేటా వేయించిన 15,548తో పోలిస్తే తేడా 1,574, నెలకు 131 రూపాయలు. ఆ 131కి మీకు దొరికేది రోజుకు 1.5 జీబీ అన్న కట్టుబాటు లేని ఇల్లు. ఒక ఇబ్బంది ఉంది. మాటల ప్లాను ఉన్న ఫోను గడప దాటితే నెట్ ఉండదు. ఓటీపీ ఎస్ఎంఎస్ వస్తుంది గానీ, కూరగాయల అంగట్లో ఫోనుతో డబ్బు కట్టడం కుదరదు. తాతగారు జేబులో చిల్లర పెట్టుకోవాలి.

ఆ 1.5 జీబీ ఎంతకు వస్తుందో కూడా చూడాలి. వాట్సాప్ సందేశాలకూ పేపరు చదవడానికీ బాగా మిగులుతుంది. వీడియోతోనే చిక్కు. మంచి నాణ్యతతో, అంటే హెచ్‌డీలో, సినిమా చూస్తే గంటకు 3 జీబీ దాకా ఖర్చవుతుందని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. ఆ లెక్కన 1.5 జీబీ అరగంట. ఫోనును టీవీకి కలిపి తెలుగు సినిమా పెట్టామా, ఇంటర్వెల్ దాకా కూడా రాదు. నాణ్యత తగ్గించి చూస్తే ఇంకొంచెం సాగుతుంది. ఫోను తెరమీద తెలియని మసక పెద్ద టీవీ మీద తెలుస్తుంది, అంతే. ఇందులో ఇంకో సంగతి ఉంది. అదే వీడియో ఫోనులో చూసినప్పుడు చిన్న తెరకు తగ్గట్టు తక్కువ డేటా తింటుంది, టీవీలో పెట్టగానే అది తనంతట తానే నాణ్యత పెంచుకుంటుంది. "నిన్నటిదాకా సరిపోయిన డేటా టీవీ కొన్నాక ఎందుకు చాలడం లేదు" అని అడిగేవారికి జవాబు ఇదే.

రోజువారీ కోటా అయిపోయాక నెట్ ఆగిపోదు, వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. మూడు ఎంబీల ఫోటో ఒకటి రావడానికి ఆరు నిమిషాల పైనే పడుతుంది. దాన్ని నెట్ ఉన్నట్టు అనుకోవచ్చు, లేనట్టూ అనుకోవచ్చు.

"మరి 5జీ అపరిమితం కదా?" అన్నది మంచి ప్రశ్నే. హాట్‌స్పాట్ పక్షాన ఉన్న గట్టి వాదన అదొక్కటే. మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. 2024 జూలై పెంపు తరువాత రోజుకు 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే అపరిమిత 5జీ ఇస్తున్నారు. జియోలో అది 28 రోజులకు 349 రూపాయలు, ఏడాదికి 4,537. 5జీ ఫోను ఉండి, మీ ఇంటి లోపలి గదిలో కూడా 5జీ గుర్తు నిలకడగా కనిపిస్తుంటే ఆ ఒక్క ఫోనుతో ఇల్లు నడపవచ్చు. కానీ లోపలి గది అన్నమాట గమనించండి. పాత వేలూరులో మన పెద్దలు కట్టిన ఇళ్ళ గోడల మందం చూశారు కదా. వీధి వాకిట్లో 5జీ చూపే ఫోను వంటింట్లోకి వచ్చేసరికి 4జీకి దిగుతుంది. దిగిన క్షణం నుంచి 2 జీబీ కోటా కరుగుతుంది. అపరిమితం ఉందన్న ధైర్యంతో టీవీ పెట్టుకుని కూర్చుంటే రాత్రి ఎనిమిదికల్లా "మీ రోజువారీ డేటా అయిపోయింది" అని సందేశం వస్తుంది. అపరిమితం అన్నచోట కింద చిన్న అక్షరాల్లో షరతులు కూడా ఉంటాయి, హాట్‌స్పాట్ గురించి ఏమన్నారో చదివి చూడండి.

టవరు అంటే ఊరి ఉమ్మడి బావిలాంటిది. నలుగురు తోడుతుంటే నీళ్ళు బాగానే అందుతాయి, నాలుగు వందల మంది ఒకేసారి బొక్కెన వేస్తే కాదు. వేలూరులో సీఎంసీ ఆసుపత్రి చుట్టుపక్కల బెంగాలు నుంచీ ఈశాన్య రాష్ట్రాల నుంచీ వచ్చిన రోగులూ వాళ్ళ బంధువులూ లాడ్జీల నిండా ఉంటారు. సాయంత్రమైతే అందరూ ఇంటివాళ్ళతో వీడియోలో మాట్లాడుతుంటారు, పాపం వాళ్ళకూ అవసరమే. కాట్పాడిలో వీఐటీ విద్యార్థులు వేల సంఖ్యలో ఉన్నారు. ఈ రెండుచోట్లా రాత్రి ఏడు నుంచి పది దాకా ఫోను నెట్ మందగించడం మేము గమనిస్తూనే ఉన్నాం. ఉదయం పదింటికి వేగం పరీక్షించి "ఆహా" అనుకుని లైను తీయించేసినవారు రాత్రి ఎనిమిదికి పరీక్షించి ఉండాల్సింది.

గుడియాత్తం కథ ఇంకొకటి. ఊళ్ళో సిగ్నలు బాగానే ఉంటుంది. పలమనేరు వైపు కొండల అంచుకు వెళ్ళేకొద్దీ పలచబడుతుంది. సరిహద్దు ఊళ్ళలో ఒక్కోసారి మన ఫోను ఆంధ్ర టవరును పట్టుకుని, ఇంట్లో కుర్చీలో కూర్చున్నవాళ్ళకు ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం చెబుతుంది. ఇప్పటి ప్లాన్లలో దానికి వేరే డబ్బు పడదు, కంగారు వద్దు. కానీ దూరపు టవరును పట్టుకుని వేలాడే ఫోనుకు తిరిగి పంపే శక్తి తక్కువ. టవరు గొంతు పెద్దది, మన ఫోను గొంతు చిన్నది. అందుకే అవతలివాళ్ళ మాట మనకు వినిపిస్తుంది, మన మాట వాళ్ళకు తెగిపోతుంది.

ఈ తెగిపోవడం మనవాళ్ళకు ఎక్కడ తగులుతోందంటే పిల్లకాయల తెలుగు చదువులో. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం 2006-07లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి పాఠమైంది. ఏడాదికో తరగతి చొప్పున పైకి వచ్చి 2015-16కి పదో తరగతిని తాకింది. భాషా అల్పసంఖ్యాకుల మినహాయింపు కోసం మద్రాసు హైకోర్టు నుంచి సుప్రీం కోర్టు దాకా వెళ్ళవలసి వచ్చిన సంగతి మన పాఠకులకు కొత్త కాదు. కోర్టుల సంగతి ఎలా ఉన్నా, బడిలో తెలుగు దొరకని పిల్లలు ఇప్పుడు శనాదివారాల్లో ఆన్‌లైను తరగతిలో అక్షరాలు దిద్దుకుంటున్నారు. అక్కడ పంతులమ్మ "కల" అన్నారా "కళ" అన్నారా అన్నది పిల్లకు స్పష్టంగా వినబడాలి. పిల్ల పలికింది ఆమెకు ఇంకా స్పష్టంగా వినబడాలి. తెర బిగుసుకుపోయి, గొంతు ముక్కలైతే ల, ళ ఒకటే అవుతాయి, న, ణ ఒకటే అవుతాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మన పిల్లలకు ఆ తేడా దిద్దేది వారానికి రెండు గంటలే. ఆ రెండు గంటలు హాట్‌స్పాట్ దయమీద వదిలేయవద్దని మా మాట. గంట తరగతికి అర జీబీ నుంచి ఒక జీబీ, బొమ్మ నాణ్యతను బట్టి ఇంకా ఎక్కువ కూడా ఖర్చవుతుంది. అన్నా చెల్లెలూ ఇద్దరికీ ఒకే సమయంలో తరగతి ఉంటే ఒక ఫోను కోటా అక్కడికే సరి.

దీనికన్నా మామూలు చిక్కు ఒకటుంది, ఎవరూ ముందుగా ఆలోచించనిది. ఫోను బయటికి వెళితే ఇంటి నెట్ కూడా దాంతోనే వెళ్ళిపోతుంది. తండ్రి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్ళారు, తల్లి రేషను అంగడికి వెళ్ళింది, ఇంట్లో పిల్ల టాబ్లెట్ పట్టుకుని కూర్చుంది. నెట్ ఏది? కొడుకులు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండి, పెద్దవాళ్ళిద్దరే ఉన్న ఇళ్ళలో ఈమధ్య కెమెరా పెట్టిస్తున్నారు. అమ్మ కాలు జారి పడితే తెలియాలని. ఆ కెమెరా నాన్నగారి ఫోను హాట్‌స్పాట్ మీద నడిస్తే, ఆయన గుడికి వెళ్ళిన గంటా అమ్మ ఒంటరిగా ఉన్న గంటే, కెమెరా పనిచేయని గంటా అదే. ఈ ఒక్క అవసరానికి మాత్రం హాట్‌స్పాట్ వద్దని గట్టిగా చెబుతాం.

వేడి మాటా చెప్పాలి. హాట్‌స్పాట్ పెట్టిన ఫోను టవరుతోనూ ఇంటి వస్తువులతోనూ ఏకధాటిగా మాట్లాడుతూ వేడెక్కుతుంది. మన వేలూరు కత్తిరి ఎండల్లో మనుషులే వేడెక్కుతారు, ఇక ఫోను సంగతి చెప్పాలా? వేడి మితిమీరితే ఫోను తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఛార్జింగు ఆపేస్తుంది. రోజూ ఇలా వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. కొత్త బ్యాటరీ ఖర్చును కూడా లెక్కలో వేసుకోండి.

ఇంతా చెప్పాక, ఇంటి లైను గొప్పది, దానికి రోగమే లేదని కాదు. స్తంభాల మీద వేలాడే గాజు తీగను లారీ తెంపుతుంది, ఎలుక కొరుకుతుంది. భూగర్భ డ్రైనేజీకి వీధి తవ్వినప్పుడల్లా ఎక్కడో ఒకచోట తెగుతుంది. 2021 నవంబరులో మోర్ధానా ఆనకట్ట నుంచి నీళ్ళు పొంగి కౌండిన్య నది గుడియాత్తంలోకి వచ్చినప్పుడు చూశాం, అలాంటి రోజుల్లో తీగ బాగుచేసేవాడు రావాలంటే ముందు దారి ఉండాలి. మా సంఘం గదికి లైను ఇచ్చిన ఒక స్థానిక ఆపరేటరు ఆరు నెలల డబ్బు ముందే కట్టించుకుని, లైను తెగాక పదిహేను రోజులు ఫోను ఎత్తలేదు. అందుకే మేము ఆరు నెలలకు కట్టవద్దని, పెట్టె ఉచితమన్నా సరే మొదటి మూడు నెలలు నెలవారీగానే కట్టమని చెబుతున్నాం. ఫిర్యాదు చేస్తే ఆ ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. కంపెనీ వినకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయాలి, దానికి ఆ నంబరు కావాలి. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు, నేరుగా వాళ్ళకు రాస్తే కాలయాపనే.

కరెంటు పోతే? పాత రాగి ల్యాండ్‌లైనుకు కావలసిన కరెంటు ఎక్స్ఛేంజి నుంచే తీగలో వచ్చేది, ఇంట్లో దీపం లేకున్నా ఫోను మోగేది. గాజు తీగలో కరెంటు రాదు. గోడ మీది పెట్టెకు మన కరెంటే కావాలి. ఇన్వర్టరు ఉంటే సరే. లేనివారికి ఈ పెట్టెల కోసమే చేసిన 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు వేలూరు అంగళ్ళలో దొరుకుతాయి, మీ పెట్టె వెనుక రాసిన వోల్టేజి చూసి కొనండి. అది కూడా వద్దనుకుంటే, ఆ గంటా రెండు గంటలకు ఫోను హాట్‌స్పాట్ ఉండనే ఉంది. దాని అసలు ఉపయోగం అదే అని మా అభిప్రాయం.

రెంటికీ మధ్య దారులు కూడా వచ్చాయి. సిమ్ వేసే చిన్న రౌటరు ఒకటి కొని, దానికి విడిగా సిమ్ వేసి ఇంట్లోనే వదిలేస్తే, ఫోను బయటికి వెళ్ళినా నెట్ ఇంట్లోనే ఉంటుంది. రోజువారీ కోటా మాత్రం మామూలే. ఇంకొకటి ఎయిర్‌ఫైబరు. జియో దీన్ని 2023 సెప్టెంబరు 19న చెన్నై, బెంగళూరు, హైదరాబాదు సహా ఎనిమిది నగరాల్లో మొదలుపెట్టి తరువాత మిగతా ఊళ్ళకు విస్తరించింది. డాబా మీద పెట్టే యాంటెన్నా టవరు నుంచి 5జీ అందుకుని, తీగ ద్వారా ఇంట్లోని పెట్టెకు పంపుతుంది. గోడల మందం సమస్య తీరుతుంది. తీగ తెగే భయం తగ్గుతుంది. ఫైబరు తీగ మీ వీధికి రాకపోతే ఇది అడిగి చూడవచ్చు. టవరు రద్దీ మాత్రం దీనికీ తప్పదు.

సరిహద్దుకు అవతల చిత్తూరు జిల్లాలో మన బంధువుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఏపీ ఫైబర్‌నెట్ పెట్టె చూసే ఉంటారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించినప్పుడు నెట్, టీవీ, ఫోను మూడూ కలిపి 149 రూపాయలకు ఇచ్చారు. ఆ ధర తరువాత నిలవలేదు. మన తమిళనాడులో టాన్‌ఫినెట్ 12,525 గ్రామ పంచాయతీలకు ఫైబరు తీగ వేసే పనిలో ఉంది. గుడియాత్తం చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న సభ్యులు తమ పంచాయతీ ఆఫీసులో ఒకసారి విచారించండి.

ఇక ఎవరి ఇల్లు ఏదో మీరే చూసుకోవచ్చు. ఒక్కరో ఇద్దరో ఉండి, టీవీకి కేబులు వేరే ఉండి, నెట్ అంటే వాట్సాపూ బ్యాంకు పనీ మాత్రమే అయితే లైను అక్కరలేదు. పింఛనుదారులు నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం కూడా ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు. దానికి ఫోను డేటా ధారాళంగా చాలు. చదివే పిల్లలున్న ఇల్లు, ఇంటి నుంచి ఉద్యోగం చేసే అబ్బాయో కోడలో ఉన్న ఇల్లు, కెమెరా పెట్టిన పెద్దవాళ్ళ ఇల్లు అయితే లైను ఉంచండి. మధ్యలో ఉన్నవాళ్ళు ఒక పని చేయండి. లైను తీయించకుండానే ఒక వారం రౌటరు ఆపేసి, హాట్‌స్పాట్‌తోనే ఇల్లు నడపండి. కోటా ఎన్ని గంటలకు అయిపోయింది, ఎవరి పని ఆగింది అన్నది క్యాలెండరు మీద రాసుకోండి. ఆ వారంలో ఒక ఆదివారం తప్పకుండా ఉండాలి.

తీయించాలనే తేల్చుకుంటే పద్ధతిగా తీయించండి. ఊరికే కట్టడం మానేస్తే కొన్నిచోట్ల బాకీ చూపిస్తారు. రాతపూర్వకంగా అడిగి, పెట్టె వాళ్ళదైతే వెనక్కి ఇచ్చి, దాని మీది నంబరు వేయించి రసీదు తీసుకోండి. డిపాజిట్ కట్టి ఉంటే పాత రసీదు వెతికి పెట్టుకోండి. 0416తోనో 04171తోనో మొదలయ్యే పాత బీఎస్ఎన్ఎల్ నంబరు ఇంకా ఉన్నవారు మాత్రం ఆ నంబరునే ఫైబరుకు మార్చి ఇవ్వమని అడగండి, ఇస్తారు. ఆంధ్రలోని బంధువుల డైరీల్లో మన ఇంటి పేరు పక్కన ఇప్పటికీ ఉన్నది ఆ నంబరే.